ఎంజీబీ గాలి దారి: వెబర్ కొనకముందు చూడాల్సిన రెండు చిన్న రంధ్రాలు

బండి 1967 ఎంజీబీ రోడ్‌స్టర్, టాప్ తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. బ్రిటన్ రోడ్ల మీద తిరిగేది, కుడి స్టీరింగ్. ఐదు మెయిన్ బేరింగుల 18జీబీ ఇంజిన్, 1798 సీసీ, జంట ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోల్ కలిపే భాగాలు, పొట్టిగా కార్బ్‌లు). ఫ్యాక్టరీ ఇచ్చిన డబ్బా ఫిల్టర్లు ఎప్పుడో పోయాయి. వాటి చోట పల్చటి గుండ్రటి క్రోమ్ ఫిల్టర్లు ఉన్నాయి.

ఓనర్ ఫిర్యాదు మూడు ముక్కల్లో ఉంది. 3,000 ఆర్‌పీఎం దాటాక పికప్ లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కార్బ్ తుమ్ముతోంది. వేడి మీద ఆపి పది నిమిషాలాగితే మళ్లీ స్టార్ట్ కావడానికి సతాయిస్తోంది. ఆయన కోరిక మాత్రం ఒకటే: రెండు ఎస్‌యూలూ పీకేసి రెండు గొంతుల 45 డీసీఓఈ వెబర్ కార్బ్ ఒకటి బిగించమని.

వెబర్ బిగించలేదు. ఎందుకు వద్దన్నామో, బదులుగా ఏం చేశామో, పెట్రోల్ కొలిచే సూది, అంటే నీడిల్, లెక్క ఎలా కట్టామో ఇక్కడ పూర్తిగా ఉంది.

ఈ ఇంజిన్ గాలి ఎలా పీలుస్తుంది

ఈ ఇంజిన్ బీఎంసీ కంపెనీ బి-సిరీస్ కుటుంబానిది. దాని హెడ్‌లో నాలుగు సిలిండర్లకీ కలిపి ఇన్‌లెట్ పోర్టులు రెండే. 1, 2 సిలిండర్లకి ఒకటి, 3, 4 సిలిండర్లకి ఇంకొకటి. అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌దీ ఇదే కుటుంబం కాబట్టి ఆ హెడ్ దింపి చూసిన మేస్త్రీలకి ఈ కవల పోర్టులు కొత్తేమీ కాదు.

ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ముందు పోర్టు సంగతి చూడండి. 2వ సిలిండర్ పీల్చిన వెంటనే, క్రాంక్ సగం చుట్టు తిరిగేలోపు, 1వది పీలుస్తుంది. అదీ అయ్యాక దాదాపు ఒక చుట్టు పాటు ఆ పోర్టులో కదలిక ఉండదు. వెనక పోర్టులోనూ ఇదే తంతు: ముందు 3, వెంటనే 4. ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుని ఉండేది 180 డిగ్రీల కన్నా ఎక్కువే కాబట్టి, మొదటి సిలిండర్ వాల్వ్ ఇంకా మూసుకోకముందే రెండోది తెరుచుకుని పక్కవాడి వాటాలో చెయ్యి పెడుతుంది. అందుకే బయటి సిలిండర్లు 1, 4 ఒక తీరుగా, లోపలివి 2, 3 ఇంకో తీరుగా నడుస్తాయి. ఇది ఇంజిన్ పుట్టుక. ఏ కార్బ్ పెట్టినా పోదు.

ప్లగ్గులు చదివేటప్పుడు ఈ ముక్క గుర్తుంటే సగం పని తప్పుతుంది. 1, 4 ఒక రంగు, 2, 3 ఇంకో రంగు అయితే అది పోర్టుల నైజం, పట్టించుకోనక్కర్లేదు. 1, 2 ఒక రంగు, 3, 4 ఇంకో రంగు అయితే తప్పు కార్బ్‌లలో ఉంది.

ఒక్క వెబర్ 45 పెట్టినా దాని రెండు గొంతుల్లో ఒక్కోటి ఒక్కో పోర్టుకే వెళ్తుంది, అంటే రెండు సిలిండర్లకి ఒక గొంతు. ఇప్పుడున్న ఎస్‌యూల పంపకమూ అదే. ఫ్యాక్టరీ కామ్, ఫ్యాక్టరీ హెడ్ ఉన్న ఇంజిన్‌కి 38 మి.మీ. గొంతు ఉన్న హెచ్‌ఎస్4 జంట చాలకపోవడమనేది ఉండదు. పైగా పొడవాటి మానిఫోల్డ్ వాడితే వెబర్ మూతులు ఇంజిన్ గది పక్క గోడకి దగ్గరగా వెళ్తాయి, సరైన మందం ఉన్న ఫిల్టర్‌కి చోటు మిగలదు. పొట్టి మానిఫోల్డ్ వాడితే గాలి దారి మరీ కురచవుతుంది. కామ్ మార్చి, హెడ్‌లో పోర్టింగ్ చేసి, ఎక్కువ ఆర్‌పీఎంలో నడిపే రేసు బండికి వెబర్ సంగతి వేరు. ఇది ఆదివారం పూట ఊరి బయట తిరిగే బండి.

మొదటి రోజు: మిక్స్చర్ ముట్టుకోకుండా

కార్బ్ మీద చెయ్యి వెయ్యకముందే ఇంజిన్ సంగతి తేల్చుకోవాలి. టాపెట్ క్లియరెన్స్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. రెండు వాల్వులు బిగుతుగా ఉంటే సరిచేశాం. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్ గ్యాప్ 0.64 మి.మీ., స్టాటిక్ టైమింగ్ టీడీసీకి (పిస్టన్ పైకొసకి చేరే క్షణానికి) ముందు 10 డిగ్రీలు. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం నోటితో పీల్చి నాలుకతో మూస్తే పట్టు నిలిచింది, డయాఫ్రమ్ బాగానే ఉంది. కంప్రెషన్ నాలుగింట్లోనూ దగ్గర దగ్గరగా ఉంది. ఇవన్నీ అయ్యాకే పానా కార్బ్ వైపు తిప్పాలి. ఎస్‌యూని దోషిగా నిలబెట్టిన కేసుల్లో చాలా వాటికి అసలు దొంగ డిస్ట్రిబ్యూటర్‌లో దొరుకుతాడు.

తర్వాత సైలెన్సర్ పైపులో, రెండు డౌన్‌పైపులు కలిసిన చోటికి కింద, పొగలో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి రోడ్డెక్కించాం. 4,000 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో లాంబ్డా (గాలి-పెట్రోల్ నిష్పత్తి కొలత; 1 అంటే సరిసమానం, తగ్గితే పెట్రోల్ ఎక్కువ) 0.93 చూపించింది. ఫుల్ థ్రాటిల్‌కి కాస్త లీన్ (పెట్రోల్ తక్కువ) వైపే, కానీ తుమ్ములు వచ్చేంత కాదు. మీటర్ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు ఇక్కడే మోసపోతారు. జెట్లు (పెట్రోల్ వచ్చే రంధ్రాలు) రెండూ ఒక ఫ్లాట్ (నట్టు ఆరు ముఖాల్లో ఒకటి) కిందికి దించి, పని అయిపోయిందనుకుంటారు.

అదే వేగంలో ఇంజిన్ కట్ చేసి, క్లచ్ నొక్కి పక్కకి ఆపి ప్లగ్గులు తీస్తే కథ వేరేగా ఉంది. ముందు రెండూ సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనక రెండూ మసి బట్టి నల్లగా ఉన్నాయి. ముందు కార్బ్ లీన్, వెనక కార్బ్ రిచ్ (పెట్రోల్ ఎక్కువ). పైపులో ఒక్క సెన్సర్ ఉంది కాబట్టి రెండింటి సగటు చూపించింది. ఒకడు ఉపవాసం ఉండి ఇంకొకడు రెండు భోజనాలు తింటే సగటున ఇద్దరూ భోంచేసినట్టే.

వెనక కార్బ్: ప్యాకింగ్ తలకిందులు

హెచ్‌ఎస్4 గాలి మూతి దగ్గర ఫ్లాంజ్ మీద ఫిల్టర్ బోల్టుల రంధ్రాలు కాక, పైభాగంలో చిన్న రంధ్రాలు రెండు ఉంటాయి. అవి కార్బ్ లోపలి పిస్టన్ అడుగు భాగానికి బయటి గాలి ఒత్తిడి అందించే దారులు. ఎస్‌యూ పనిచేసేదే ఈ సూత్రం మీద. పిస్టన్ పైన డ్యాష్‌పాట్‌లో (పిస్టన్ ఆడే గుమ్మటంలో) గొంతు తాలూకు వాక్యూమ్ ఉంటుంది, కింద ఈ రంధ్రాల గుండా వచ్చిన మామూలు గాలి ఉంటుంది. ఆ తేడా పిస్టన్‌ని లేపుతుంది. ఇంజిన్ ఎంత గాలి అడిగితే పిస్టన్ అంత లేస్తుంది, దానితోపాటు నీడిల్ అంత పైకి వస్తుంది.

వెనక ఫిల్టర్ ప్యాకింగ్ తలకిందులుగా బిగించి ఉంది. బోల్టు రంధ్రాలు ఎటు తిప్పినా కుదురుతాయి కాబట్టి బిగించేవాడికి తేడా తెలియదు. తలకిందులైతే ఆ రెండు చిన్న రంధ్రాలూ మూసుకుపోతాయి. అప్పుడు పిస్టన్ అంచుల గుండా కారే కాస్త గాలి తప్ప కిందికి గాలి అందదు. పిస్టన్ లేవాల్సినంత లేవదు. గొంతు ఇరుకుగానే ఉండిపోతుంది, అక్కడ వాక్యూమ్ హద్దు మీరుతుంది, జెట్‌లోంచి పెట్రోల్ ఎక్కువ లాగేస్తుంది. రిచ్, పైగా గొంతు నొక్కేసిన కార్బ్. 3,000 పైన పికప్ చచ్చిపోవడానికి సగం కారణం ఇదే.

చవక ఫిల్టర్ల అడుగు రేకులో కొన్నిసార్లు ఈ రంధ్రాలే ఉండవు. కొత్త ఫిల్టర్ కొన్నాక ముందు ప్యాకింగ్, తర్వాత రేకు, రెండూ కార్బ్ ఫ్లాంజ్ మీద ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుని చూడాలి. రెండు రంధ్రాల్లోంచీ వెలుతురు కనిపించాలి. లేకపోతే రేకుకి గుర్తు పెట్టి 6 మి.మీ. బిట్‌తో తొలచి, అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యాలి. రేకు పొడి కార్బ్‌లో పడకుండా ఈ పని బల్ల మీదే చెయ్యాలి, బండి మీద కాదు.

ముందు కార్బ్: దొంగ గాలి

ముందు కార్బ్ లీన్‌కి కారణాలు రెండు దొరికాయి. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ స్పిండిల్ (గొంతులోని మూత తిరిగే ఇరుసు) రెండు చివర్లా కార్బ్ క్లీనర్ కొద్దిగా చిమ్మితే స్పీడ్ మారిపోయింది, అంటే అక్కడ బయటి గాలి దూరుతోంది. స్పిండిల్ 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ. దశాబ్దాల అరుగుదలకి అల్యూమినియం బాడీలో రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. స్పిండిల్ ఒక్కటే మారిస్తే ఆట పోదు, బాడీలో బుష్ వేయించాలి. ముందు రీమర్ తిన్నగా పోయేలా జిగ్ ఉన్న వర్క్‌షాప్‌లోనే చేయించాలి. చేతి డ్రిల్‌తో చేస్తే స్పిండిల్ వంకరపోయి డిస్క్ గొంతులో ఇరుక్కుంటుంది. డిస్క్ తీసేటప్పుడు దాని ఏటవాలు అంచు ఎటు ఉందో గుర్తు పెట్టుకోవాలి. చీలిక తోకల స్క్రూలు రెండూ కొత్తవే వెయ్యాలి, బిగించాక తోకలు విడదీయాలి. ఊడిన స్క్రూ నేరుగా వాల్వు కిందికి వెళ్తుంది.

రెండో కారణం పీసీవీ వాల్వు. 1967 ఎంజీబీలో క్రాంక్‌కేస్ పొగని ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లోకి లాగే పుట్టగొడుగు ఆకారపు వాల్వు ఒకటి ఉంటుంది. పరీక్ష సులువు. ఇంజిన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తీస్తే స్పీడ్ సుమారు 200 ఆర్‌పీఎం పెరగాలి. ఇక్కడ పెరగలేదు. విప్పితే రబ్బరు డయాఫ్రమ్ అంచున చిరిగి ఉంది, ఎప్పుడూ గాలి కారుతూనే ఉంది. డయాఫ్రమ్, స్ప్రింగ్ మార్చి, లోపలి జిగురంతా కిరోసిన్‌తో కడిగితే సరిపోయింది. కొందరు ఈ వాల్వు పీకేసి మానిఫోల్డ్‌కి బిరడా కొట్టేస్తారు. అప్పుడు క్రాంక్‌కేస్ పొగకి దారి లేక, వెనక క్రాంక్ దగ్గర ఆయిల్ కారడం మొదలవుతుంది. ఈ ఇంజిన్‌కి అక్కడ రబ్బరు సీల్ అంతంత మాత్రం, ఆ తిప్పలు తెచ్చుకోవద్దు.

కార్బ్‌లు బల్ల మీద ఉన్నప్పుడే పిస్టన్ పడే సమయం కొలిచాం. డ్యాంపర్ (పిస్టన్ ఊపు తగ్గించే, ఆయిల్‌లో ఆడే చిన్న కడ్డీ) బిగించి, పిస్టన్‌లోని గాలి రంధ్రాలు మూసి, తలకిందులుగా పట్టుకుని డ్యాష్‌పాట్ వదిలితే పూర్తిగా జారడానికి 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. రెండూ ఆ హద్దు లోపలే ఉన్నాయి. త్వరగా పడితే అరిగిందని, ఆగి ఆగి పడితే మురికి అని అర్థం. డ్యాష్‌పాట్, పిస్టన్ జంటగా తయారయ్యేవి, ముందుదీ వెనకదీ కలపకూడదు. లోపల ఎమరీ పేపర్ అసలు తాకించకూడదు, థిన్నర్ తడిపిన గుడ్డ చాలు.

ఇది స్థిర నీడిల్ కార్బ్ కాబట్టి జెట్ మధ్యకి కుదర్చాలి. జెట్ కింది నట్టు స్ప్రింగ్ తీసేసి నట్టుని పైదాకా ఎక్కించి, లాక్ నట్టు వదులు చేసి, పిస్టన్‌ని కిందికి నొక్కి పట్టుకుని లాక్ నట్టు బిగించాలి. పిస్టన్ ఎత్తి వదిలితే టక్ అని లోహం శబ్దం రావాలి. శబ్దం రాకుండా మెత్తగా ఆగితే నీడిల్ జెట్‌కి రాసుకుంటోంది. 1960ల చివర్నుంచి వచ్చిన స్ప్రింగ్ నీడిల్ కార్బ్‌లకి ఈ బాధ లేదు.

ఫ్లోట్ లెవెల్: మూత తలకిందులుగా పెట్టి, ఫ్లోట్ లివర్‌కీ మూత అంచుకీ మధ్య 3.2 నుంచి 4.8 మి.మీ. 3.2 మి.మీ. డ్రిల్ బిట్ అడ్డంగా పెట్టి చూస్తే చాలు.

గాలి మూతి: రేకు అంచా, పూల బాకా అంచా

ఇప్పుడు మార్పు అసలు భాగం. ఫ్యాక్టరీ డబ్బా ఫిల్టర్లు చూడ్డానికి మొద్దుగా ఉంటాయి కానీ లోపల గాలి దారి మూతి గుండ్రంగా మలిచి ఉంటుంది. క్రోమ్ ఫిల్టర్ అడుగు రేకులో రంధ్రం మాత్రమే ఉంటుంది, అంచు పదును. గాలి పదునైన అంచు దాటేటప్పుడు గోడని వదిలేసి లోపలికి ఇరుక్కుని, తర్వాతెప్పుడో విచ్చుకుంటుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ పట్టికల్లో పదును అంచు ప్రవేశానికి నష్టం గుణకం 0.5. గొట్టం గోడలోంచి ముందుకి పొడుచుకు వచ్చి ఉంటే 0.8 దాకా పోతుంది. అంచు వ్యాసార్థం గొట్టం వ్యాసంలో 15 శాతం దాటితే 0.04 చుట్టుపక్కలకి పడిపోతుంది. 38 మి.మీ. గొంతుకి 15 శాతం అంటే 6 మి.మీ. ఆ కాస్త గుండ్రదనం ఇచ్చే పొట్టి బాకా మూతే స్టబ్ స్టాక్.

అందుకే ‘ఫ్రీ ఫ్లో’ అని పెట్టిన క్రోమ్ ఫిల్టర్‌తో ఫ్యాక్టరీ డబ్బా కన్నా పికప్ తగ్గడం వింత కాదు.

స్టబ్ స్టాక్‌లు ఫిల్టర్ అడుగు రేకు లోపలి వైపు కూర్చుంటాయి. ముందుకి సుమారు 15 మి.మీ. పొడుచుకు వస్తాయి కాబట్టి ఫిల్టర్ లోతు చూసుకోవాలి. మూతికీ ఎదురుగా ఉన్న మూతకీ మధ్య దూరం గొంతు వ్యాసంలో నాలుగో వంతు ఉంటేనే గాలి దారి వైశాల్యం గొంతుతో సమానమవుతుంది, అంటే 9.5 మి.మీ. అది కనీసం. నిజానికి గొంతు వ్యాసమంత ఉండాలి. పాత ఫిల్టర్ లోపలి లోతు 30 మి.మీ.కే సరి, స్టాక్ పెడితే మిగిలేది 15. అందుకని లోపల 50 మి.మీ. పైన లోతున్న కాటన్ ఫిల్టర్లకి మారాం. కొనేముందు బానెట్ మూసి, పక్క గోడ దగ్గర చోటు అట్టముక్కతో కొలుచుకోవాలి.

బోల్టులు కొత్త మందానికి తగ్గ పొడవున్నవి వెయ్యాలి. ఫిల్టర్ లోపల ఉన్న ప్రతి నట్టుకీ స్ప్రింగ్ వాషర్, థ్రెడ్ లాక్ రెండూ తప్పనిసరి. ఇక్కడ ఊడింది ఏదైనా ఇంజిన్ మింగుతుంది. ప్యాకింగ్, రేకు, స్టాక్ అన్నీ పెట్టాక మళ్లీ ఆ రెండు చిన్న రంధ్రాలు వెలుతురుకి పట్టి చూడాలి. స్టాక్ అడుగు అంచు వాటి మీద పడితే ఫైల్ పట్టాలి.

ఈ ఇంజిన్‌లో కార్బ్‌లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే వైపు, ఒకదాని మీద ఒకటి. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత 3 శాతం పైనే తగ్గుతుంది. మధ్యలో హీట్ షీల్డ్ ఉంది కానీ దాని అడుగున ఉండాల్సిన ఇన్సులేషన్ రాలిపోయింది, మానిఫోల్డ్ మందపాటి స్పేసర్లలో ఒకటి పగిలింది. రెండూ కొత్తవి వేశాం. రేడియేటర్ పక్క నుంచి 75 మి.మీ. గొట్టం ఒకటి తెచ్చి ఫిల్టర్ల ముందు వదిలాం, ఫిల్టర్‌కి బిగించలేదు. నేరుగా బిగిస్తే స్పీడ్‌లో గాలి తోసుకొచ్చి ఫిల్టర్ లోపల ఒత్తిడి పెంచుతుంది, ఫ్లోట్ చాంబర్ మాత్రం బానెట్ కింద గాలితోనే ఉంటుంది. ఆ రెండింటి తేడాతో మిక్స్చర్ లీన్ అవుతుంది.

ఇదే కారణానికి ఫిల్టర్ మారినప్పుడు ఎస్‌యూ మిక్స్చర్ మారుతుంది. పిస్టన్ లెక్కంతా ఫ్లాంజ్ దగ్గరి ఒత్తిడితో, ఫ్లోట్ చాంబర్ లెక్క బయటి ఒత్తిడితో. మురికి ఫిల్టర్‌తో ఈ రెండింటి మధ్య దూరం పెరిగి రిచ్ అవుతుంది. దారి సాఫీ అయితే దూరం తగ్గి లీన్ అవుతుంది. ‘ఎస్‌యూ తనంతట తానే సర్దుకుంటుంది’ అనే మాట సగమే నిజం.

నీడిల్ లెక్క

రంధ్రాలు తెరిచి, దొంగ గాలి ఆపి, స్టాక్‌లు బిగించాక ముందు జత, వెనక జత ప్లగ్గులు ఒకే తీరుకి వచ్చాయి. ఇప్పుడు మీటర్‌ని నమ్మొచ్చు. 60 మైళ్ల నిలకడ వేగంలో లాంబ్డా 1.0. ఫుల్ థ్రాటిల్‌లో 3,000 దాకా 0.90, అక్కడి నుంచి పెరుగుతూ 4,500 దగ్గర 0.97. అది లీన్. 0.88 దగ్గర ఉండాలి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు 95 పెట్రోల్ ఈ10 (E10, అంటే 10 శాతం దాకా ఇథనాల్ కలిసినది). మామూలు పెట్రోల్‌కి గాలి నిష్పత్తి 14.7 అయితే ఈ10కి సుమారు 14.1. అంటే అదే గాలికి 4 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. 1960ల్లో గీసిన నీడిల్‌కి ఈ సంగతి తెలియదు.

పెట్రోల్ వెళ్లే సందు అంటే జెట్ రంధ్రం వైశాల్యంలోంచి నీడిల్ వైశాల్యం తీసేయగా మిగిలినది. జెట్ 0.090 అంగుళం. జెట్ వర్గంలోంచి నీడిల్ వ్యాసం వర్గం తీసి, రెండు నీడిళ్ల మధ్య నిష్పత్తి చూస్తే చాలు. నీడిల్ 0.075 ఉన్న చోట 0.0081 లోంచి 0.005625 తీస్తే 0.002475. అదే చోట 0.074 ఉంటే 0.002624. ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) తగ్గిస్తే పెట్రోల్ 6 శాతం పెరిగింది. ఐడ్లింగ్ దగ్గర, 0.085 ఉన్న చోట, ఇదే ఒక థౌ 19 శాతం పెంచుతుంది. జెట్ నట్టు ఒక ఫ్లాట్ తిప్పితే ఐడ్లింగ్ అంతా తలకిందులై, పైన మాత్రం పెద్దగా ఏమీ మారకపోవడానికి కారణం ఇదే. టాప్ ఎండ్ లీన్‌ని జెట్ నట్టుతో సరిచేయబోతే ఐడ్లింగ్‌లో మసి పడుతుంది.

బండిలో ఉన్నది 5వ నంబర్ నీడిల్, ఎర్ర స్ప్రింగ్. రిచ్ వైపు ప్రత్యామ్నాయం 6వ నంబర్. అది వేసి చూస్తే పైన బాగుంది కానీ నిలకడ వేగంలో లాంబ్డా 0.90కి పడిపోయింది, పెట్రోల్ ఊరికే పోతుంది. కాబట్టి మళ్లీ 5వ నంబర్‌కే వచ్చి, పైభాగం మాత్రం చేత్తో సన్నం చేశాం.

నీడిల్‌కి భుజం నుంచి ప్రతి 1/8 అంగుళానికి ఒక మెట్టు లెక్క. నడుస్తున్నప్పుడు ఏ మెట్టు దగ్గర ఉందో తెలియాలంటే, డ్యాంపర్ తీసి దాని చోట తేలికపాటి ప్లాస్టిక్ పుల్ల పెట్టి, రోలింగ్ రోడ్ (చక్రాలు రోలర్ల మీద తిరిగే పరీక్ష యంత్రం) మీద ఎంత లేచిందో మార్కర్‌తో గుర్తు పెట్టాలి. లేచిన ఎత్తుకి, బ్రిడ్జి (గొంతు అడుగున జెట్ ఉన్న గట్టు) నుంచి జెట్ కిందికి దిగి ఉన్న లోతు కూడా కలపాలి. 10 మి.మీ. లేచి, జెట్ 1.8 మి.మీ. కింద ఉంటే మొత్తం 11.8, దాన్ని 3.175తో భాగిస్తే 3.7, మొదటి మెట్టు సున్నా దగ్గర మొదలవుతుంది కాబట్టి ఒకటి కలిపితే దాదాపు 4.7. ఈ బండి నిలకడ వేగం 4, 5 మెట్ల మధ్య, ఫుల్ థ్రాటిల్ లీన్ 7వ మెట్టు పైన మొదలైంది.

0.97 నుంచి 0.88కి రావాలంటే 10 శాతం పెట్రోల్ పెరగాలి. మైక్రోమీటర్ 0.072 చూపిన చోట 2 థౌ తగ్గిస్తే 9.7 శాతం వస్తుంది. కాబట్టి 6వ మెట్టు దగ్గర అర థౌ, 7 దగ్గర 1 థౌ, 8 నుంచి చివరిదాకా 2 థౌ. డ్రిల్ చక్‌లో నీడిల్ తల పట్టించి, నెమ్మదిగా తిప్పుతూ 600 నంబర్ తడి ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి, 1200తో ముగించాలి. ప్రతి పది సెకన్లకీ ఆపి కొలవాలి. తీసేసిన లోహం మళ్లీ రాదు, కనక అనుకున్న దాంట్లో మూడొంతులు తీసి ఒకసారి రోడ్డెక్కించి, మిగతాది తర్వాత తియ్యాలి. మెట్టు మెట్టుకీ గుంట పడకూడదు, జారుడు బల్లలా ఉండాలి. రెండో నీడిల్ మొదటిదానికి కవలలా, పావు థౌ లోపు తేడాతో రావాలి. ఒక జత పాడైనా బాధపడక్కర్లేదు, కొత్త జత ధర వెబర్ మానిఫోల్డ్ ధర ముందు లెక్కలోకి రాదు. బిగించేటప్పుడు నీడిల్ భుజం పిస్టన్ అడుగుతో సమానంగా ఉండాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ఎస్‌యూ బండ్లు నడుపుతున్నవాళ్లకి ఇదే లెక్క, అంకె ఒక్కటి మారుతుంది. అక్కడి ఈ20 (E20) పెట్రోల్‌కి దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి, అంటే 0.075 ఉన్న చోట ఒకటింపావు థౌ పైన తగ్గించాలి. ఇథనాల్ తట్టుకునే ఆర్9 రకం గొట్టాలు, వైటన్ కొన ఉన్న ఫ్లోట్ వాల్వులు ముందు వేసుకున్నాకే నీడిల్ మాట.

కూర్పు

జెట్ నట్లు పైదాకా బిగించి రెండు పూర్తి చుట్లు, అంటే 12 ఫ్లాట్లు కిందికి. ఇక్కడి నుంచి మొదలు. థ్రాటిల్ స్పిండిళ్లు కలిపే క్లాంపులు వదులు చేసి, రెండు కార్బ్‌లూ ఒకే గాలి పీలుస్తున్నాయని సింక్రోమీటర్‌తో చూడాలి. అది లేకపోతే రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని ‘హిస్’ సమానమయ్యేదాకా స్లో స్క్రూలు తిప్పాలి. ఐడ్లింగ్ 800. ఆ తర్వాతే క్లాంపులు బిగించాలి. లింక్ పిన్‌కీ ఫోర్క్ కింది అంచుకీ మధ్య 0.3 మి.మీ. ఫీలర్ పెట్టి బిగిస్తే రెండు థ్రాటిళ్లూ ఒకేసారి కదులుతాయి.

మిక్స్చర్‌కి, కార్బ్ పక్కనున్న ఎత్తే పిన్‌తో పిస్టన్‌ని 0.8 మి.మీ. మాత్రం ఎత్తాలి. స్పీడ్ కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరి. పెరిగి అలాగే ఉంటే రిచ్. వెంటనే పడిపోతే లీన్. ఒకసారికి ఒక ఫ్లాట్ మాత్రమే, రెండు కార్బ్‌లకీ. ముందు కార్బ్ ముట్టుకున్నాక వెనకది మళ్లీ చూడాలి, మానిఫోల్డ్‌లో బ్యాలెన్స్ పైపు ఉంది కాబట్టి ఒకదాని తప్పు ఇంకొకటి మోస్తుంది. ఈ బండి చివరికి ముందు 13, వెనక 12 ఫ్లాట్ల దగ్గర నిలిచింది.

డ్యాష్‌పాట్‌లో పిస్టన్ గొట్టం పైన 13 మి.మీ. దాకా 20 గ్రేడ్ ఆయిల్. పల్చటి ఆయిల్ వేస్తే యాక్సిలరేటర్ దఢాలున తొక్కినప్పుడు పిస్టన్ ఎగిరి, ఒక్క క్షణం లీన్ అయి తుమ్ముతుంది. దీన్ని నీడిల్ తప్పు అనుకుని మళ్లీ మొదటికి వెళ్లేవాళ్లున్నారు.

ఫలితం: ఫుల్ థ్రాటిల్‌లో 3,500 నుంచి 5,000 దాకా లాంబ్డా 0.87, 0.89 మధ్య నిలిచింది, నిలకడ వేగంలో 1.0 చెదరలేదు. తుమ్ములు పోయాయి. వేడి మీద స్టార్ట్ బాగుపడింది కానీ పూర్తిగా పోలేదు. ఎండ రోజున ఇంజిన్ కట్టేశాక ఫ్లోట్ చాంబర్‌లో ఈ10 మరగడం స్పేసర్‌తో తగ్గుతుందే తప్ప ఆగదు. థ్రాటిల్ సగం తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టడమే దానికి మందు. ఫ్యాక్టరీ డబ్బాల కన్నా పీల్చే చప్పుడు పెరిగింది, ఓనర్‌కి అది నచ్చింది.

500 మైళ్ల తర్వాత మళ్లీ తెచ్చినప్పుడు ఫిల్టర్ నట్లు, మానిఫోల్డ్ నట్లు బిగించి చూశాం. రెండు మానిఫోల్డ్ నట్లు పావు చుట్టు తీసుకున్నాయి. కాటన్ ఫిల్టర్‌కి ఆయిల్ అతిగా పట్టించి ఉంది, కొంత కారి ఫ్లాంజ్ రంధ్రాల దాకా వచ్చింది. అది తుడిచి ప్లగ్గులు తీస్తే 1, 4 కాస్త లేత గోధుమ రంగు, 2, 3 ఒక చాయ ముదురు.